చలి పోయి ఎండలు ముదిరేలోపు: హైదరాబాద్‌లో మీ కుక్కనీ పిల్లినీ కాపాడుకోవడం ఎలా

శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ వెళ్ళిపోతుందంటారు. మన హైదరాబాద్‌లో అది అచ్చంగా అలాగే జరుగుతుంది. నిన్నటిదాకా స్వెట్టర్ వేసుకుని కుక్కని తిప్పినవాళ్ళం, రెండు వారాలు తిరిగేసరికి పొద్దున తొమ్మిదింటికే నీడ వెతుక్కుంటాం. వేపచెట్లు ఆకు రాలుస్తాయి, మామిడి పిందె కడుతుంది, వెనకే హోలీ, ఉగాది వచ్చేస్తాయి. మే నెల ఎండలకి అందరం ముందే జాగ్రత్త పడతాం. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా ఉండే ఈ సంధికాలాన్ని మాత్రం హాయిగా ఉంది కదా అని వదిలేస్తాం. మా ఇంట్లో పెద్ద గండాలన్నీ ఈ నెలల్లోనే వచ్చాయి.

నేనుండేది తార్నాకలో. ఇంట్లో చిట్టి అనే దేశీ కుక్క, మినీ అనే పిల్లి ఉన్నాయి. వాటిని పెంచుతూ నేను నేర్చుకున్నది ఒక్కటే: మన కళ్ళు నేలకి ఐదడుగుల పైన ఉంటాయి, వాటి ముక్కు నేలని ఆనుకుని ఉంటుంది. ఈ కాలంలో ప్రమాదమంతా ఆ కిందే ఉంటుంది. అందుకే ముందుగా చేయాల్సిన పని కూడా అక్కడే మొదలవుతుంది.

మొదట మీరొక్కరే నడవండి

ఒక రోజు పొద్దున కుక్కని ఇంట్లోనే ఉంచి, మీరు రోజూ తిప్పే దారిలో ఒక్కరే నడవండి. తల దించి, గోడ వారగా, చెట్ల మొదళ్ళ దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ చూస్తూ వెళ్ళండి. చేతిలో ఒక సంచి, ఒక కత్తెర ఉంచుకోండి. ఇరవై నిమిషాల పని, కానీ రోజూ నడిచే దారి కొత్తగా కనిపిస్తుంది.

మొదట కనిపించేది మాంజా. సంక్రాంతి పతంగుల దారం చెట్ల కొమ్మల్లో రెండు నెలలు వేలాడి, వేపాకు రాలే సరికి ఎండుటాకులతో పాటు కిందికి జారుతుంది. చైనా మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా ఆ నైలాన్ దారం ఇంకా దొరుకుతూనే ఉంది. అది కుళ్ళదు, తెగదు. ఒకసారి చిట్టి ఆకుల కుప్పలో నుంచి కుంటుతూ బయటికి వచ్చింది. చూస్తే వెనక కాలికి నాలుగు చుట్లు. లాగడానికి వెళ్తే ఇంకా బిగుసుకుంది, వెంట్రుకల కింద చర్మంలో సన్నటి ఎర్రగీత పడింది. ఇలాంటప్పుడు దారాన్ని లాగకూడదు. కుక్కని కదలకుండా పట్టుకుని, ఒక్కో చుట్టునీ కత్తెరతో విడిగా కత్తిరించాలి. దారం ముక్క నోట్లోంచో వెనక నుంచో వేలాడుతూ కనిపించినా లాగకండి. అది లోపల పేగులని కోసేస్తుంది. నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

రెండోది ఖాళీ ప్లాట్లు. వానాకాలంలో పెరిగిన గడ్డి ఇప్పటికి ఎండిపోయి, పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు నేలంతా ఉంటాయి. పల్లేరు ముల్లు వేళ్ళ సందుల్లో దిగితే బయటికి కనిపించదు. కుక్క పాదాన్ని అదేపనిగా నాకుతుంటే అనుమానించండి. గడ్డి గింజ చెవిలోకి పోతే తల ఒక పక్కకి వంచి విదిలిస్తుంది. చెవిలో మీరు పుల్ల గానీ ఇయర్‌బడ్ గానీ పెట్టకండి.

మూడోది, చాలామంది చూడనిది, ఎలుకల మందు. ఎండలు మొదలయ్యే ముందు చాలా అపార్ట్‌మెంట్లలో పెస్ట్ కంట్రోల్ చేయిస్తారు. మీటర్ల గది వెనకా, మెట్ల కిందా నీలం, గులాబీ రంగు బిళ్ళలు పెట్టిపోతారు. వాటిలో కొన్ని రకాలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్నరోజు కుక్క మామూలుగానే ఉంటుంది. మూడో రోజో ఐదో రోజో చిగుళ్ళు పాలిపోతాయి, ముక్కు నుంచి రక్తం వస్తుంది, ఆయాసపడుతుంది. తిన్నదని తెలిసిన వెంటనే తీసుకెళ్తే విటమిన్ కె1 ఇచ్చి కాపాడగలుగుతారు. జింక్ ఫాస్ఫైడ్ రకం అయితే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఇప్పుడే ఒక మెసేజ్ పెట్టండి: ఏ మందు, ఎక్కడ, ఏ రోజు పెడుతున్నారో ముందే చెప్పమని, ప్యాకెట్ ఫొటో తీసి ఉంచమని. డాక్టర్‌కి ఆ ఫొటో చూపిస్తే చికిత్స వెంటనే మొదలవుతుంది.

టైము మార్చండి, రోడ్డు తాకి చూడండి

కుక్కలకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి ఎగరొప్పడమే వాటి కూలర్. గాలి వేడెక్కిందంటే ఆ కూలర్ సరిగా పనిచేయదు. పైగా చలికాలంలో అలవాటుపడ్డ ఒళ్ళు ఎండకి సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. మార్చిలోనే వడదెబ్బ తగలడానికి కారణం ఇదే. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలు, పర్షియన్ పిల్లులు, లావైనవి, ముసలివి ఇంకా త్వరగా పడిపోతాయి.

శివరాత్రి దాటిన మర్నాటి నుంచే వాకింగ్‌ని పొద్దున ఏడులోపు, సాయంత్రం ఏడు తర్వాతకి మార్చేయండి. సాయంత్రం ఎండ తగ్గగానే బయల్దేరొద్దు. తారు రోడ్డు, సిమెంటు దారి పగటి వేడిని పట్టి ఉంచుకుంటాయి. బయటికి అడుగు పెట్టే ముందు అరచేతి వెనక వైపు రోడ్డు మీద ఆనించి ఏడు లెక్కపెట్టండి. మీ చెయ్యి ఆగలేకపోతే దాని పాదం కూడా ఆగలేదు. ఐదు నిమిషాల పనే కదా అని కారులో వదిలి కూరగాయలకి వెళ్ళడం అస్సలు వద్దు. అద్దం కాస్త దించినా సరే, ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది.

వడదెబ్బ గుర్తులు: ఆగని ఎగరొప్పు, చిక్కటి జొల్లు, ముదురు ఎరుపు చిగుళ్ళు, తూలడం, వాంతులు. కుక్కకి మామూలు ఒంటివేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటిందంటే ఆలస్యం చేయొద్దు. నీడలోకి తెచ్చి, మామూలు కుళాయి నీళ్ళు ఒళ్ళంతా, ముఖ్యంగా కడుపు కిందా తొడల సందుల్లో పోస్తూ ఫ్యాన్ పెట్టండి. ఐస్ నీళ్ళు వద్దు. తడి తువ్వాలు కప్పి వదిలేయడం కూడా తప్పే, కాసేపటికి ఆ తువ్వాలే వేడెక్కి దుప్పటిలా వేడిని లోపలే ఆపుతుంది. 103కి దిగగానే తడపడం ఆపి డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. తేరుకున్నట్టు కనిపించినా వెళ్ళాలి, లోపలి అవయవాలు దెబ్బతిన్న సంగతి తర్వాతి రోజు బయటపడుతుంది. తాగగలిగితే నీళ్ళు దాని ముందు పెట్టండి, బలవంతంగా నోట్లో పోయకండి.

గోమార్లు: దీనికి కాస్త ఓపిక కావాలి

అన్నిటికంటే ఎక్కువ కుక్కలు బాధపడేది వీటివల్లే. గోమారిని కొందరు పిడుదు అంటారు, క్లినిక్‌లో టిక్ అంటారు. ఎండ పెరిగే కొద్దీ వీటి పెరుగుదల వేగం పుంజుకుంటుంది. రక్తం తాగి పెసరగింజంత ఉబ్బిన ఆడ గోమారి కుక్క మీద నుంచి దిగి, గోడ పగుల్లోనో, సోఫా కిందో, తలుపు చట్రం సందులోనో నాలుగు వేల దాకా గుడ్లు పెట్టగలదు. మీకు కుక్క మీద పది కనిపించాయంటే ఇంట్లో ఎక్కడో ఇంకా చాలా ఉన్నాయని అర్థం. అందుకే ఒక్క కుక్కకి మందు వేస్తే సరిపోదు.

రోజూ వాకింగ్ నుంచి రాగానే ఒక క్రమంలో వెతకండి. నేను చేసేది ఇలా: చిట్టిని కిటికీ వెలుతురులో పడుకోబెట్టి, చెవి లోపలి మడతతో మొదలుపెడతాను. తర్వాత కాలర్ తీసి మెడ చుట్టూ, చంకల్లో, తొడల సందుల్లో, తోక కింద, చివరికి పదహారు వేళ్ళ సందులూ ఒక్కొక్కటిగా విడదీసి చూస్తాను. కళ్ళ కంటే వేళ్ళే త్వరగా పట్టుకుంటాయి. చర్మం మీద చిన్న మెంతిగింజలా ఏదైనా తగిలితే ఆగండి. సన్నమొన ట్వీజర్‌తో చర్మానికి ఆనుకుని, గోమారి తల దగ్గర పట్టుకుని, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. తీసినదాన్ని గోళ్ళతో నలపొద్దు, శానిటైజర్ పోసిన చిన్న సీసాలో వేయండి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరసనాయిలు రాయడం పాత అలవాట్లు. వాటివల్ల చర్మం కాలుతుంది, గోమారి లోపలిది కుక్క రక్తంలోకి కక్కే ప్రమాదమూ పెరుగుతుంది.

ఇక మందు. నెలకోసారి, మూడు నెలలకోసారి ఇచ్చే నమిలే మాత్రలున్నాయి, వీపు మీద వేసే చుక్కలున్నాయి. ఏది వాడాలన్నది కుక్క బరువు, వయసు చూసి డాక్టర్ చెప్పాలి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట తప్పకుండా చెప్పండి, కొన్ని మాత్రలు అలాంటి కుక్కలకి పడవు. నీళ్ళలో కలిపి ఒళ్ళు తడిపే ఘాటైన మందులని చాలామంది కొలత లేకుండా పోసేస్తారు. అది నాకితే విషమే. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి: పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి ప్రాణాంతకం. కుక్క వీపు మీద ఆ మందు ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకూడదు కూడా. దాంతో పాటే గోడ పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి, దాని పరుపు బట్టలు వేడినీళ్ళలో ఉతకండి, మూలమూలలా వాక్యూమ్ కొట్టండి.

రెండేళ్ళ క్రితం మార్చిలో చిట్టి ఒక పొద్దున పెరుగన్నం ముట్టలేదు. పెరుగన్నం వద్దనే కుక్క కాదు అది. మొదట చూపించిన చోట ఎండకి నీరసం అన్నారు, టానిక్ రాసి పంపారు. మూడో రోజు పెదవి ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సిన చిగురు వెలిసిన బట్టలా ఉంది. ఇంకో చోటికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి. అది టిక్ ఫీవర్. నాలుగు వారాల మందులతో కోలుకుంది. ఆ రెండు రోజులు పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ బాధ ఉంది. అందుకే చెప్తున్నాను: ఈ కాలంలో తిండి మానేసి, జ్వరం ఉండి, గోమార్లు పట్టిన కుక్క అయితే, రక్తపరీక్ష చేయమని మీరే నోరు తెరిచి అడగండి. ఆరోగ్యంగా ఉన్న రోజున దాని చిగురు ఏ రంగులో ఉందో ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, తేడా తెలుస్తుంది.

హోలీ, ఉగాది

హోలీకి ముందు రాత్రి మన వీధుల్లో కాముని దహనం చేస్తారు. కట్టెల కుప్ప తెల్లారేసరికి తెల్లటి బూడిదై, చల్లగా, మెత్తగా కనిపిస్తుంది. దాని కింద నిప్పు అలాగే ఉంటుంది. మా పక్కవీధి లాబ్రడార్ ఆ బూడిదలో వాసన చూడబోయి ముందు కాళ్ళు రెండూ దింపేసింది, అరికాళ్ళ చర్మం ఊడొచ్చింది. ఆ పొద్దున దారి మార్చండి. కాలితే వెంటనే కుళాయి ధార కింద పది నిమిషాలు పట్టి ఉంచండి. టూత్‌పేస్ట్, సిరా, నూనె ఏవీ రాయకుండా పలచటి శుభ్రమైన బట్ట చుట్టి తీసుకెళ్ళండి.

రంగుల రోజు మధ్యాహ్నం దాకా కుక్కని, పిల్లిని లోపలి గదిలోనే ఉంచండి. వాటికి రంగు పూస్తామని పిల్లలు ముచ్చటపడతారు, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్తే వింటారు. ఆ పొడి ముక్కులోకి పోతుంది, తర్వాత ఒళ్ళు నాక్కుంటే కడుపులోకి పోతుంది. ఎలాగో పడిందనుకోండి, ముందు పొడిగా ఉన్నప్పుడే దువ్వి దులపండి. తడిపితే రంగు అంటుకుంటుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళు, పెట్ షాంపూ. వదలని చోట కాస్త కొబ్బరినూనె. కిరసనాయిలు, టర్పెంటైన్ దగ్గరికి రానివ్వకండి.

ఉగాదికి భయపడాల్సింది మామిడి టెంక గురించి. వంటింటి చెత్తబుట్టలో నుంచి టెంక లాక్కెళ్ళి మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఇవి ద్రాక్ష రోజులు కూడా. బండ్ల మీద నల్లద్రాక్ష, తెల్లద్రాక్ష రాశులు పోసి అమ్ముతారు, ఇంట్లో పిల్లలు ఒకటి రెండు కుక్కకీ పెడతారు. ద్రాక్ష, కిస్మిస్ కుక్క కిడ్నీలని పాడుచేస్తాయి. ఎన్ని తింటే ప్రమాదమో ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక్కటి కూడా పెట్టకపోవడమే మంచిది. తిన్నదని తెలిస్తే ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి, ఆ ఉప్పే ఇంకో విషం. డాక్టర్‌కి ఫోన్ చేయండి.

శ్రీరామనవమి ఊరేగింపు మీ వీధి మీదుగా వెళ్తుంటే తలుపులు వేసి, ఫ్యాన్ చప్పుడు పెంచి పక్కన కూర్చుంటే చాలు. కాలర్ మీద మీ ఫోన్ నంబర్ ఉండాలి, బెదిరి పారిపోయినా తిరిగొస్తుంది.

మొక్కలు, పుట్టలు, తేనెపట్టులు

గన్నేరు మన రోడ్ల డివైడర్ల మీదా, కాంపౌండ్ గోడల వెంటా ఉంటుంది. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు రెండూ గుండెని ఆపగలవు. లాన్ మూలల్లో అందంగా పెంచే సైకస్ మొక్క కాలేయాన్ని తింటుంది, దాని గింజలు మరీ ప్రమాదం. కర్రముక్క నమిలే అలవాటున్న కుక్క అయితే ఈ రెండిటి దగ్గరా లీష్ కురచగా పట్టుకోండి.

మిద్దె తోట ఉన్నవాళ్ళకి ఒక ప్రత్యేకమైన మాట. వేసవి కూరగాయల కోసం ఈ నెలల్లోనే కుండీల మట్టి తిరగేసి ఆముదం పిండి, ఎముకల పొడి కలుపుతాం. ఆ వాసన కుక్కకి విందు పిలుపు. ఆముదం పిండిలో ఉండే రిసిన్ అనే విషం చాలా కొద్దిగా కడుపులోకి పోయినా వాంతులు, రక్తవిరేచనాలు పట్టుకుంటాయి. కుక్క మేడ మీదికి వచ్చే ఇల్లయితే ఆముదం పిండి మానేయండి, వర్మీకంపోస్టుతోనూ బెండ, గోరుచిక్కుడు చక్కగా కాస్తాయి.

చలి తగ్గగానే పాములు బయటికి వస్తాయి. ఆకుల కుప్పలు, ఇటుకల దొంతులు, వాడని కూలర్ వెనక చోటు ముందే శుభ్రం చేయించండి. రాత్రి వాకింగ్‌కి టార్చి తప్పనిసరి. పాము కనిపిస్తే కుక్కని వెనక్కి లాగి, దూరం నుంచి చూస్తూ ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకి ఫోన్ చేయండి, వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళి వదిలేస్తారు. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. కుక్కని నడిపించకుండా ఎత్తుకుని యాంటీవెనం ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి. ఏ క్లినిక్‌లో అది ఉంటుందో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోవాలి, అప్పటికప్పుడు వెతుక్కోకూడదు.

పూతకాలం కాబట్టి వాటర్ ట్యాంకుల కింద, బాల్కనీ అంచులకి పెద్ద తేనెపట్టులు పడతాయి. పొగ పెట్టించే రోజున ఆ పక్కకి వెళ్ళకండి. ఒక్క తేనెటీగ కుడితే ముల్లుని గోటితో పక్కకి గీకి తీసేసి, చల్లటి గుడ్డ ఒత్తితే చాలు. నోట్లో కుట్టినా, ముఖం వాచినా, ఊపిరి ఇబ్బందయినా వెంటనే బయల్దేరండి.

పిల్లి విషయంలో

ఉక్క మొదలవగానే కిటికీలు, బాల్కనీ తలుపులు తెరుస్తాం. పావురాలు ఆ అంచుల మీదే గూళ్ళు కడతాయి. పిల్లి దూకేది అప్పుడే. దోమల జాలీ పిల్లి బరువుని ఆపదు. పావురాల నెట్ వేసేవాళ్ళని పిలిచి గట్టిగా బిగించమనండి, కింది అంచు వదులుగా వదిలేస్తారు, అది మీరే లాగి చూసుకోండి. బొకేల్లో వచ్చే లిల్లీ పూలు ఇంట్లోకి తేవద్దు. ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు రెండు మూడు రోజుల్లో పోతాయి. బయట తిరిగే పిల్లులు నీడ కోసం కారు కిందకి, బానెట్ లోపలికి దూరతాయి. బండి తీసే ముందు బానెట్ మీద రెండు సార్లు తట్టండి.

ఒక సంచి, ఒక కాగితం

డిజిటల్ థర్మామీటర్, ట్వీజర్, చిన్న కత్తెర, సెలైన్ సీసా, గాజ్ గుడ్డ, బ్యాండేజీ, మూతికి కట్టే మజిల్, ఒక పాత తువ్వాలు, టీకాల పుస్తకం ఒకే సంచిలో వేసి చెప్పుల స్టాండ్ దగ్గర వేలాడదీయండి. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది, అందుకే మజిల్. టీకాల పుస్తకం తీసినప్పుడే రేబిస్, పార్వో, డిస్టెంపర్ తేదీలు దాటాయేమో చూసేయండి.

కాగితం మీద మీ డాక్టర్ నంబర్, రాత్రంతా తెరిచి ఉండే ఒక క్లినిక్ నంబర్ రాయండి. పగటిపూటయితే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో క్లినిక్ ఉంది. మీ ఇంటికి ఏది దగ్గరో, ఏ వేళల్లో చూస్తారో ముందే కనుక్కుని రాసుకోండి. కుక్కని ఎక్కించుకోవడానికి ఒప్పుకునే బండి కూడా ముందే మాట్లాడి పెట్టుకోవాలి, అర్ధరాత్రి క్యాబ్‌లు చాలావరకు వద్దంటాయి. మా వీధి మలుపులో ఆటో నడిపే అన్న చిట్టిని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు, ఏ వేళప్పుడైనా పిలవమన్నాడు. ఆయన నంబరు ఫ్రిజ్ మీద అంటించాం. దాని కిందే చిట్టి బరువు రాసి ఉంటుంది, 17 కిలోలు. ఫోన్ ఎత్తగానే డాక్టర్ ముందు అడిగేది అదే.